కురుసురను కాచినవాళ్లు

1970ల మధ్యలో ఐఎన్‌ఎస్ కురుసుర అనే జలాంతర్గామి కథ దాదాపు ముగిసిపోయింది. నౌకాదళంలో చేరి పదేళ్లు కూడా కాలేదు. విడిభాగాలు దొరకడం కష్టమైపోయింది. మిగతా జలాంతర్గాములు సముద్రంలోకి వెళ్లాలంటే ఏదో ఒకదాన్ని పక్కన పెట్టి, దాని భాగాలు విప్పి వాటికి బిగించాలి. ఆ వంతు కురుసురకు వచ్చింది. తోటివాటిని నడిపించడం కోసం అది ఆగిపోయింది. 1980ల మొదట్లో దాన్ని మళ్లీ కూర్చి, బాగుచేసి, నీళ్లలోకి దించారు. 2001 ఫిబ్రవరి 27న సెలవు తీసుకునే నాటికి 31 ఏళ్ల సర్వీసు, 73,500 నాటికల్ మైళ్ల ప్రయాణం దాని ఖాతాలో ఉన్నాయి.

భారత నౌకాదళం తొలి విడతలో తెచ్చుకున్న జలాంతర్గాములు నాలుగు: కల్వరి, ఖండేరి, కరంజ్, కురుసుర. ఇవాళ ముక్కు నుంచి తోక దాకా పూర్తి ఆకారంతో, జనం లోపలికి వెళ్లి చూసేలా నిలిచింది ఒక్క కురుసురే. ఒకప్పుడు విడిభాగాల కోసం విప్పేసిన బోటే చివరికి మిగలడం విచిత్రమే. అయితే ఇది అదృష్టం వల్ల జరగలేదు. కొంతమంది పూనుకున్నారు, ఇంకొంతమంది పట్టు విడవలేదు. విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద సాయంత్రం పూట మురీ మిక్చరు పొట్లంతో నిలబడి ఆ నల్లటి ఆకారాన్ని చూసేవాళ్లలో చాలామందికి వాళ్ల సంగతి తెలియదు.

జలాంతర్గామిలో పనిచేసినవాళ్లు దాన్ని ఓడ అనరు, బోటు అంటారు. 91 మీటర్ల పొడవు, ఏడున్నర మీటర్ల వెడల్పు ఉన్నదాన్ని బోటు అనడం బయటివాళ్లకు వింతగా ఉంటుంది కానీ, ఈ కథనంలో నేనూ అలాగే అంటాను.

రీగా నుంచి బయల్దేరి

మన జలాంతర్గామి దళం పుట్టినరోజు 1967 డిసెంబరు 8. ఆ రోజు సోవియట్ యూనియన్‌లోని రీగాలో కమాండర్ కె.ఎస్. సుబ్రమణియన్ నాయకత్వంలో కల్వరి మీద మన జెండా ఎగిరింది. కురుసుర వంతు రెండేళ్ల తర్వాత, 1969 డిసెంబరు 18న, అక్కడే వచ్చింది. కమాండర్ అరుణ్ ఆడిట్టో దాని తొలి కెప్టెన్. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో స్వదేశానికి బయల్దేరింది. 1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంతో సూయజ్ కాలువ మూతపడి ఉంది కాబట్టి దగ్గరి దారి లేదు. ఐరోపా పడమటి తీరం మీదుగా, ఆఫ్రికా ఖండాన్నంతా చుట్టి, ఘనాలోని తకోరాడి, తర్వాత మారిషస్ రేవులను తాకుతూ రావాల్సి వచ్చింది.

ఆ బోటులో 8 మంది అధికారులు, 67 మంది నావికులు, అంతా కలిపి 75 మంది. తొలి తరం జలాంతర్గామి సిబ్బంది రష్యన్ నేర్చుకుని మరీ శిక్షణ పొందారు. యంత్రాల పుస్తకాలు ఆ భాషలో ఉన్నాయి, పాఠాలు చెప్పేవాళ్లు ఆ భాషే మాట్లాడేవాళ్లు. ఆ తర్వాతి తరాలకు శిక్షణ విశాఖలోనే మొదలైంది. ఆ శిక్షణ కేంద్రం పేరు ఐఎన్‌ఎస్ శాతవాహన. మన రాజవంశం పేరు పెట్టుకున్న ఆ ప్రాంగణంలోనే తరాల తరబడి మన జలాంతర్గామి నావికులు నీటి కింద బతకడం నేర్చుకున్నారు.

1971 యుద్ధం నాటి కురుసుర గురించి బీచ్‌లో ఒక అపోహ గట్టిగా పాతుకుపోయింది. పాకిస్తాన్ జలాంతర్గామి గాజీని ముంచింది ఇదేనని పిల్లలకు చెప్పే తల్లిదండ్రులు ఏ సాయంత్రమైనా కనిపిస్తారు. గాజీ మునిగింది విశాఖ రేవు దగ్గరే, 1971 డిసెంబరు 3-4 మధ్య రాత్రి. అంతవరకూ నిజం. కానీ యుద్ధానికి ముందు రోజుల్లో కురుసుర ఉన్నది ఇటువైపు కాదు, అరేబియా సముద్రంలో. నవంబరులో ముంబై నుంచి గస్తీకి వెళ్లి, నెలాఖరున కరంజ్‌ను కలిసి, డిసెంబరు 4న ముంబైకి తిరిగి చేరింది. టార్పెడో పేల్చి శత్రువు ఓడను ముంచిన ఘనత దాని చరిత్రలో లేదు. కనపడకుండా, వినపడకుండా, ఆజ్ఞ కోసం కాచుకుని ఉండటమే దాని యుద్ధం. జలాంతర్గామి పనిలో ఎక్కువ భాగం అదే. సినిమాకు పనికొచ్చే కథ కాకపోవచ్చు. అయితే సినిమాకు దారి చూపింది కూడా ఈ బోటే. దర్శకుడు సంకల్ప్ రెడ్డి విశాఖ వచ్చినప్పుడు కురుసురను చూశాకే గాజీ ఉదంతం వెంట పడ్డారు. 2017లో ‘ఘాజీ’ వచ్చింది.

విమానం నడిపినవాడి పూనిక

సర్వీసు ముగిసిన యుద్ధనౌకకు మామూలుగా రాసిపెట్టి ఉన్నది రెండే దారులు. ఒకటి తుక్కు వేలం. రెండోది సాధన కోసం పేల్చేసే లక్ష్యంగా మారడం. ఏది జరిగినా ఆఖరికి ఏమీ మిగలదు. కురుసురకు మూడో దారి చూపినవారు అప్పట్లో తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ వినోద్ పస్రీచా. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆయన జలాంతర్గామి మనిషి కాదు. నౌకాదళ వైమానికుడు. విమానవాహక నౌకల మీద నుంచి యుద్ధవిమానాలు నడిపిన మనిషి. 1987లో ఐఎన్‌ఎస్ విరాట్ మన నౌకాదళంలోకి వచ్చినప్పుడు దాని తొలి కెప్టెన్ ఆయనే. ఆకాశంలో బతుకు గడిపిన అధికారి, జన్మలో ఒక్కసారైనా జలాంతర్గామిలో దిగే అవకాశం లేని మామూలు జనానికి దాన్ని చూపించాలని పట్టుబట్టారు.

అనుకోవడం సులువే. బోటు బరువు నీటి మీద తేలేటప్పుడే దాదాపు 1,950 టన్నులు. దాన్ని ఒడ్డుకు తెచ్చి, ఇసుక మీదుగా లాగి, కాంక్రీటు దిమ్మెల మీద కూర్చోబెట్టాలి. రేవులో పడవను కట్టేసినట్టు కాదు. సముద్రం ఒప్పుకోవాలి, ఆటుపోట్ల వేళ కుదరాలి, లాగే ఉక్కు తాళ్లు ఆగాలి. అన్నీ కలిపి ఏడాదిన్నర పట్టింది. సుమారు 5.5 కోట్ల రూపాయలు ఖర్చయింది. చివరి 600 మీటర్ల లాగుడే అన్నిటికన్నా పెద్ద పరీక్ష. ఆఫ్రికా చుట్టివచ్చిన బోటుకు ఆ 600 మీటర్లు అంత కష్టమయ్యాయి. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి ఎన్. చంద్రబాబునాయుడు ప్రారంభించారు. అదే నెల 24 నుంచి జనాన్ని లోపలికి అనుమతించారు. దక్షిణాసియాలో ఇలాంటి జలాంతర్గామి మ్యూజియం ఇదే మొదటిది.

ఆ నిర్ణయాల్లో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచింది ఒకటుంది. లోపలికి, బయటికి జనం నడిచేందుకు బోటు పక్కన దారులు కోయడం తప్పనిసరి. అది చేశారు. అంతకుమించి లోపలిని పెద్దగా మార్చలేదు. గోడలు కొట్టి విశాలం చేయలేదు. గాజు పెట్టెలు వరుసగా పేర్చి ప్రదర్శనశాల చేయలేదు. గుండ్రటి ఇరుకు ద్వారాలు అలాగే ఉంచారు. వాటిలోంచి ఒంగి, కాలెత్తి, దాదాపు పాకినట్టు వెళ్లాల్సిందే. భారీకాయులకు అది కష్టమే. ఆ కష్టమే మ్యూజియం.

ఏడు గదుల పాఠం

మ్యూజియం మొదలైన రోజుల నుంచీ గైడ్లు మాజీ నావికులే. తొలినాళ్లలో ఆరుగురు విశ్రాంత నావికులు గైడ్లుగా, మరొకరు క్యూరేటరుగా ఉండేవారు. జనం బారులు తీరి ఉంటే వాళ్ల పాఠం నాలుగు మాటల్లో అయిపోతుంది. తల జాగ్రత్త, ఇటు చూడండి, ముందుకు కదలండి. జనం పలచగా ఉన్న మధ్యాహ్నం వెళ్లినవాళ్లు అదృష్టవంతులు.

మొదటి గదిలో ముందువైపు టార్పెడో గొట్టాలు ఆరు. వెనక చివర మరో నాలుగు. ఒక్కో గొట్టం వ్యాసం 533 మిల్లీమీటర్లు. బోటులో మొత్తం 22 టార్పెడోలు పట్టేవి. సందర్శకుడికి అది అంకె. అక్కడ పనిచేసినవాడికి అది పడక. టార్పెడోల పక్కనే, వాటి పైనే, వాటి మధ్యే మడతమంచాలు. ఇంకో సంగతి కూడా ఆ గొట్టాల దగ్గరే చెప్పుకోవాలి. బోటు ప్రమాదంలో పడి అడుగున చిక్కుకుంటే, మనుషులు బయటపడటానికి పెట్టుకున్న దారుల్లో ఈ గొట్టాలూ ఒకటి. దాదాపు అరమీటరు వెడల్పు గొట్టంలో దూరి, వెనక తలుపు మూసుకోనిచ్చి, నీళ్లు నిండేదాకా ఓపిక పట్టి, అప్పుడు చీకట్లోకి ఈదాలి. గోడకు అంటించిన బోర్డు మీద ఈ మాట చదివితే ఒక రకం. ఆ సాధన చేసిన తరానికి చెందిన మనిషి, గొట్టం మూత మీద చెయ్యి వేసి చెబితే ఇంకో రకం. పిల్లలు కూడా అల్లరి మానేస్తారు.

రెండో గది, నాలుగో గది నేల కింద బ్యాటరీలు ఉండేవి. వందల కొద్దీ సీసపు బ్యాటరీలు, ఒక్కొక్కటీ మనిషి మోయలేనంత. నీటి కింద బోటును నడిపేది అవే. వాటి ఛార్జింగు అయిపోతే పైకి రావాలి, లేదా నీటి మట్టానికి కాస్త కిందుగా ఉండి స్నార్ట్ గొట్టం ఒక్కటే బయటికి పెట్టి గాలి పీల్చుకుంటూ డీజిలు ఇంజన్లు తిప్పాలి. అల వచ్చి గొట్టం నోరు కప్పేస్తే మూత దానంతట అదే పడిపోతుంది. ఇంజన్లు మాత్రం ఆగవు. లోపల ఉన్న గాలినే గుంజుకుంటాయి. ఆ క్షణం చెవులు బిగుసుకుపోతాయి. అల దిగిపోతే మూత తెరుచుకుని చెవులు మళ్లీ విప్పుకుంటాయి. తుఫాను వాతావరణంలో గంటల తరబడి ఇదే తంతు. బ్యాటరీ ఛార్జింగులో వచ్చే హైడ్రోజన్ పేరుకుపోతే పేలుడు ఖాయం కాబట్టి ఒకరు దాన్ని కనిపెడుతూనే ఉండాలి.

అయిదో గది ఇంజన్లది. మూడు డీజిళ్లు, ఒక్కొక్కటి 2,000 హార్స్‌పవరు. ఇప్పుడు అక్కడ ఏసీ చల్లదనం, దీపాలు, శుభ్రంగా రంగు వేసిన పైపులు. ఈ నమూనా జలాంతర్గాములు పుట్టింది సోవియట్ ఉత్తరాది చల్లటి సముద్రాల నౌకాదళం కోసం. మన వేసవిలో, బంగాళాఖాతంలో, ఆ మూడూ ఒకేసారి తిరిగేటప్పుడు ఆ గది ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ఇప్పటి మ్యూజియంలో ఏ ఆధారమూ లేదు. పక్కనున్న బొమ్మ మనుషుల యూనిఫారాలకు చెమట మరక కూడా ఉండదు. స్నానానికి నీళ్లు లేవు. తాగేందుకు, వండేందుకు మాత్రమే లెక్కకట్టి వాడుకోవాలి. డీజిలు వాసన బట్టల్లో, జుట్టులో, తిండిలో. ఇంటికి వెళ్తే భార్యాపిల్లలు ఆ వాసనతోనే గుర్తుపట్టేవాళ్లని జలాంతర్గామివాళ్లు ఏ దేశంలోనైనా నవ్వుతూ చెప్పుకునే మాట.

ఇదంతా ఎక్కడా రాసి లేదని కాదు. పుస్తకాల్లో ఉంది. కానీ ఒక వాల్వు చక్రాన్ని ఎంత తిప్పితే ఎంత చప్పుడు వస్తుందో, ఏ చప్పుడు వస్తే భయపడాలో, ఏది మామూలో పుస్తకం చెప్పదు. అది చేతికి తెలిసిన విద్య. ఈ బోటును కాచినవాళ్లు అని శీర్షికలో రాసింది ఆ విద్య తెలిసిన ఈ మాజీ నావికుల గురించే. ఉక్కును రంగు వేసి కాపాడొచ్చు. అది దేనికి, ఎలా పనిచేసిందో తెలిసిన మనిషి పక్కన లేకపోతే జనం చూసేది ఒక పెద్ద గొట్టాన్నే.

పోగొట్టుకున్నవి

కురుసుర గొప్పతనం తెలియాలంటే దక్కనివాటి వైపు చూడాలి. 1971లో తూర్పు సముద్రంలో విమానాలు ఎగరేసిన విమానవాహక నౌక, తొలి విక్రాంత్, 1997 జనవరి 31న రిటైరైంది. ముంబైలో కొన్నేళ్లు మ్యూజియంగా తేలింది. దాని మీద పనిచేసిన విశ్రాంత నావికులు, అభిమానులు మొత్తుకున్నా డబ్బు కుదరలేదు. కోర్టుల దాకా వెళ్లినా ఆగలేదు. 2014లో సుమారు 60 కోట్లకు అమ్మేశారు, ముక్కలు చేశారు. అందులో కొంత లోహం బజాజ్ మోటారుసైకిలు తయారీలోకి వెళ్లింది. బండి ట్యాంకు మీద చరిత్ర అని ప్రకటనలు వేశారు. నాకు ఆ ప్రకటనలు చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. చరిత్రను కరిగించాక దాని పేరుతో బండి అమ్మడం ఎలాంటి గౌరవం?

విరాట్ సంగతి విశాఖకు ఇంకా దగ్గరిది. 1959లో బ్రిటిష్ నౌకాదళంలో హెర్మీస్‌గా చేరి, 1982 ఫాక్లండ్స్ యుద్ధంలో ముందు నిలిచి, 1987 నుంచి 30 ఏళ్లు మనకు పనిచేసిన ఓడ అది. 2017 మార్చిలో రిటైరయ్యే ముందు దాన్ని విశాఖకు తెచ్చి మ్యూజియం, హోటలు చేస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుకొచ్చింది. లెక్కలు వేస్తే ఖర్చు వందల కోట్లు దాటింది. పని జరగలేదు. 2020లో గుజరాత్‌లోని అలంగ్ తీరానికి తుక్కు కోసం చేరింది. కురుసురకు ప్రాణం పోసిన పస్రీచా మన తరఫున తొలి కెప్టెన్‌గా నడిపిన ఓడ అదే.

కురుసుర చెందిన ఫాక్స్‌ట్రాట్ తరగతి బోట్లు అమెరికాలో కూడా మ్యూజియంలయ్యాయి. కాలిఫోర్నియా రేవు లాంగ్ బీచ్‌లో ఉన్న బోటులోకి నీళ్లు ఊరడంతో 2015లో జనానికి మూసేశారు. శాన్ డియేగోలో ఉన్న బి-39 పైతొడుగును తుప్పు తినేసింది. 2022లో దాన్ని తుక్కుకు పంపేశారు. అవి రెండూ నీళ్లలో తేలుతూ ఉన్నవి. కురుసురను మాత్రం భూమి మీదకు లాగి కూర్చోబెట్టారు. ఆ 600 మీటర్ల కష్టానికి ప్రతిఫలం ఇరవై ఏళ్లు దాటాక తెలిసింది.

మన తీరంలోనే మరో ఫాక్స్‌ట్రాట్ బోటు వాగ్లీని తమిళనాడుకు ఇచ్చి మామల్లపురంలో మ్యూజియం చేయాలనుకున్నారు. అది ముందుకు సాగలేదు. కోరిక ఉండటానికి, కూడగట్టుకుని పూర్తి చేయడానికి మధ్య ఎంత దూరముందో ఈ జాబితా చూస్తే తెలుస్తుంది.

ఉప్పుగాలి

ఒడ్డున ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు. బీచ్ రోడ్డులో ఇల్లు కట్టుకున్నవాళ్లనడగండి, కిటికీ ఊచలు ఎన్నేళ్లకు తుప్పు పడతాయో. రాత్రీపగలూ ఉప్పుగాలి కొట్టే చోట 91 మీటర్ల ఉక్కు నిలబడి ఉంది. గోకాలి, రంగు వేయాలి, తిన్న చోట రేకు మార్చి వెల్డింగు చేయాలి, మళ్లీ గోకాలి. నౌకాదళం, నగరాభివృద్ధి సంస్థ కలిసి ఈ పని చేయిస్తూ వస్తున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని చీల్చుకుంటూ పోయినప్పుడూ బోటు కదలలేదు. ఆ తర్వాతి ఏళ్లలో బోటు నిలిచిన ఆర్కే బీచ్ ఇసుకను సముద్రం కోసుకుపోతుండటం కొత్త బెంగ. రేవు నుంచి పూడిక ఇసుక తోడి పోయడం ఏటా జరిగే పనైపోయింది.

నౌకాదళం ఈ బోటు విషయంలో ఒక మర్యాద పాటిస్తుంది. పండుగ రోజుల్లో ఓడలను ముక్కు నుంచి తోక దాకా రంగు రంగుల సంకేత జెండాలతో అలంకరించడాన్ని డ్రెస్సింగ్ షిప్ అంటారు. అది సర్వీసులో ఉన్న ఓడలకే దక్కే గౌరవం. కురుసుర రిటైరైనా దానికి ఆ గౌరవం ఆగలేదు. నేవీ డే విన్యాసాలు విశాఖలో జరిగినప్పుడు జనం బీచ్‌కు ఎగబడతారు. దూరంగా కొత్త ఓడల విన్యాసాలు చూస్తూ, పక్కనే పాత బోటు జెండాలు కట్టుకుని ఉన్న సంగతి చాలామంది గమనించరు.

కురుసుర విజయం చూశాకే పక్కన మరొకటి చేరింది. టీయూ-142ఎమ్ అనే భారీ గస్తీ విమానం. 1988 నుంచి 29 ఏళ్లు మన సముద్రాల మీద ఎగిరింది. 2017 మార్చి 29న అరక్కోణంలోని ఐఎన్‌ఎస్ రాజాళిలో సెలవు తీసుకుంది. ఆ విమానాల్లో ఒక్కటి మాత్రం విశాఖకు ఎగిరి వచ్చింది. రెక్కలు ఊడదీసి, ముక్కలుగా లారీల మీద బీచ్‌కు తెచ్చి, మళ్లీ కూర్చారు. అదే ఏడాది డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నీటి కింద దాక్కునే యంత్రం రోడ్డుకు ఇటు, దాన్ని వెతికి పట్టుకునే యంత్రం రోడ్డుకు అటు. ఇంత చక్కని జోడీ ఏ మ్యూజియం నిపుణుడూ కావాలని అమర్చలేడు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 1969లో రీగాలో ఇరవై ఏళ్ల వయసులో కురుసుర ఎక్కిన నావికుడికి ఇవాళ డెబ్భై అయిదు దాటాయి. 2010లో ఆఖరి ఫాక్స్‌ట్రాట్ బోట్లు వేలా, వాగ్లీ రిటైరయ్యాక ఆ ఇంజన్లు తిప్పినవాళ్లు కొత్తగా తయారు కావడం ఆగిపోయింది. తర్వాత వచ్చిన గైడు జలాంతర్గామి మనిషే కావచ్చు, కానీ కిలో తరగతిలోనో, ఇంకో దాంట్లోనో పనిచేసి ఉంటాడు. ఈ బోటు చప్పుళ్లు అతని చెవిలో ఉండవు. మొదటి తరం గొంతులను రికార్డు చేసి, ఏ గదిలో మాట ఆ గదిలోనే వినిపించేలా పెట్టడం పెద్ద ఖర్చు కాదు. రంగు డబ్బాల కన్నా చవక. అయినా మన మ్యూజియం బడ్జెట్లలో రంగుకు పద్దు ఉంటుంది, మాటకు ఉండదు.

మీరు వెళ్లేటట్లయితే సోమవారం వద్దు, సెలవు. ఆదివారం సాయంత్రం వద్దు, తోపులాటలో ఏమీ వినపడదు. వారం మధ్యలో మధ్యాహ్నం తలుపు తీసిన వెంటనే వెళ్లండి. గైడు గారిని టార్పెడోల సంఖ్య అడక్కండి, అది బోర్డు మీద ఉంది. ఏ బోటులో చేశారండీ, ఏ గదిలో మీ డ్యూటీ అని అడగండి. ఆ గదికి రాగానే ఆగి, ఇక్కడ మీరు ఎక్కడ నిలబడేవారో చూపించమనండి. వెనక ఉన్నవాళ్లు తొందరపెడితే పక్కకు ఒదిగి దారివ్వండి, ఆయన్ని మాత్రం కదలనివ్వకండి.